ఒకానొక ఎల్‌ఎస్ పంక్తికి టీకా తాత్పర్యం

మూలం: ఆర్-ఎక్స్ ఆర్-ఎక్స్ ఆర్-ఎక్స్ । రూట్ రూట్ । మార్చి 4 2025 । రీడ్‌మీ.టెక్స్ట్

అవతారిక: మార్చి 3 రాత్రి 9:10కి రాసుకున్న ఫైలును ఐఎస్ఓ ఇమేజిగా కట్టి, వెంటనే లినక్స్‌లో మౌంట్ చేసి చూసిన సాధకుడికి తెర మీద దర్శనమిచ్చిన పంక్తి. తన ఫైలు తనది కాకుండా పోయింది. పైగా రేపు పుట్టింది. రసం కరుణం. అద్భుతమని కొందరు.

ప్రతిపదార్థం: ఆర్ = చదువుటకును, డాష్ = వ్రాయుటకు వీలు లేకయును, ఎక్స్ = నడుపుటకును (ఉత్త టెక్స్ట్ ఫైలును నడిపి ఎక్కడికి పోవాలో మూలకారుడికే ఎరుక), ముమ్మారు = యజమానికిని, గుంపునకును, ఊరందరికిని, రూట్ రూట్ = సర్వాధికారి సొత్తై, మార్చి 4 = రేపటి తేదీ కలిగి, రీడ్‌మీ = ఆ ఫైలు, ఒప్పెను.

ఛందస్సు: మూడక్షరాల గణాలు మూడు. ప్రతిగణంలోనూ నడిమి అక్షరం లుప్తం.

శంక: ఛ్‌మాడ్ కొట్టి ఆ లోపాన్ని పూరించరాదా?
సమాధానం: రాదు. సుడో పట్టుకుని వచ్చినా ‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అన్న ఒక్క మాటే జవాబు.

తాత్పర్యం: 1988 నాటి ఐఎస్ఓ 9660 ప్రమాణంలో మామూలు డైరెక్టరీ రికార్డుకు యజమాని గడి లేదు, అనుమతుల గడీ లేదు. మూలంలో లేనిదాన్ని కెర్నెల్ అధ్యాహారం చేసుకుంటుంది: యజమాని రూట్, చదవడం నడపడం అందరికీ. అంటే సాధకుడు చూస్తున్నది మూలం కాదు, కెర్నెల్ రాసిన వ్యాఖ్య. వ్యాఖ్య మార్చాలంటే మౌంట్ చేసేటప్పుడే యూఐడీ=1000, మోడ్=0444 అని చెప్పాలి.

పాఠాంతరం: రాక్ రిడ్జ్ అనే అనుబంధం చేర్చి కట్టిన ఇమేజిలో యునిక్స్ అనుమతులు నిజంగానే ఉంటాయి. (ఆ పేరు 1974 నాటి ‘బ్లేజింగ్ శాడిల్స్’ సినిమాలోని ఊరిది. ప్రమాణాలు రాసేవాళ్లకూ కాలక్షేపం ఉండాలిగా!) జెన్‌ఐసోఇమేజ్‌తో కట్టేటప్పుడు పెద్ద ఆర్ పెడితే ఉన్న అనుమతులు, యజమాని ఉన్నట్టే దిగుతాయి. చిన్న ఆర్ పెడితే యజమాని రూట్ అవుతాడు, రాసే హక్కు పోతుంది, చదివే హక్కు అందరికీ వస్తుంది. అక్షరం ఒకటే, వాటం వేరు. తికమక అంతా ఇక్కడే. అదే ఇమేజిని నోరాక్ అని మౌంట్ చేస్తే అనుబంధం చదవకుండానే పాత పాఠం బయటికొస్తుంది.

కాలనిర్ణయం: రికార్డులో తేదీకి 7 బైట్లు. చివరి బైటు గ్రీనిచ్‌కు ఎంత ఎడమో పావుగంటల లెక్కన చెబుతుంది, భారతదేశానికి 22. ఇమేజి కట్టిన పనిముట్టు మన గోడ గడియారం సమయమే రాసి, ఆ బైటులో సున్నా పెట్టిందనుకోండి. కెర్నెల్ దాన్ని గ్రీనిచ్ కాలమనుకుంటుంది; చూపేటప్పుడు అయిదున్నర గంటలు కలుస్తాయి. రాత్రి 9:10 కాస్తా తెల్లవారుజాము 2:40 అయింది. భవిష్యత్తు తేదీకి ఎల్‌ఎస్ గంట చూపదు, సంవత్సరం చూపుతుంది. అందుకే తప్పు అయిదున్నర గంటలదని వెంటనే పసిగట్టలేం. స్టాట్ కొట్టి చూడాలి. కొన్ని డిస్కుల్లో ఈ బైటు నమ్మదగినది కాదని కెర్నెల్ కర్తలకూ తెలుసు: 13 గంటలు మించిన ఎడం కనిపిస్తే ప్రక్షిప్తమని తోసేస్తారు. సున్నా మాత్రం దొరలా దాటిపోతుంది.

అనుమతులకున్నట్టు కాలానికి ఐఎస్ఓ మౌంట్‌లో దిద్దుబాటు ఆప్షను లేదు. టైమ్‌జోన్ సరిచూసుకుని ఇమేజి మళ్లీ కట్టాలి, లేదా హార్డ్ డిస్కుకు కాపీ చేసుకుని టచ్ కొట్టాలి. మిగతా ఫైళ్లకూ ఇదే అన్వయం. శేషం సుగమం.