ఎఫ్ గండం

నాంపల్లి స్టేషన్లో దిగి ఆబిడ్స్ వైపు నడిచే జనంలో అతన్ని గుర్తుపట్టడం తేలిక. వీపున నల్ల సంచి, సంచిలో గిటారు, వేళ్ల మధ్య ప్లాస్టిక్ పిక్. ఇరానీ హోటల్లో కూర్చున్నాడంటే చాయ్ వచ్చేదాకా ఆ పిక్ పెదాల మధ్య ఉంటుంది, చాయ్ వచ్చాక చెవి మీదికి ఎక్కుతుంది. ఎడమచేతి గోళ్లు నున్నగా కత్తిరించి, కుడిచేతివి పెంచి ఉంటాయి. ఈ ఒక్క విషయంలో అతను శాస్త్రం తప్పడు. ఇంట్లో పెట్టిన పేరేదైనా బస్తీలో మాత్రం గిటారు బాబే. అతను వాయించగా విన్నవాళ్లు తక్కువ, మోయగా చూసినవాళ్లు ఎక్కువ.

"ముందు ఏం నేర్చుకోవాలి?" అనే ప్రశ్న అందరికీ పుట్టినట్టే గిటారు బాబుకీ పుడుతుంది. జవాబు కోసం మాత్రం నేరుగా దుకాణానికి వెళతాడు. ఇందులో అతని తప్పు కొంతే, మిగతాది ఆ చోటుది. ఆబిడ్స్ అన్న పేరే దుకాణం పెట్టిన భిక్ష. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ దుకాణం తెరిచాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. అలాంటి చోట ఏ విద్యకైనా అక్షరాభ్యాసం కౌంటర్ దగ్గరే జరుగుతుంది.

"అన్నా, బ్లాక్ కలర్ల ఉందా?"

"బ్లాకే ఎందుకు తమ్మీ?"

"లుక్ బాగుంటది."

దుకాణదారు ఇలాంటి తమ్ముళ్లను చాలామందిని చూసినవాడు. "లుక్ సంగతి తర్వాత. మెడకీ తీగలకీ నడుమ ఈ సందు చూడు. సందు ఎక్కువుంటే నొక్కలేవు, వారంల సజ్జ మీద పెడతవు. వేళ్ల నొప్పికి ఆగలేవంటే నైలాన్ తీగలది తీస్కో" అంటాడు. గిటారు బాబు ఇదంతా శ్రద్ధగా విని నల్లదే తీసుకుంటాడు. దానికి తోడు భుజానికి పట్టీ, నిలబెట్టడానికి స్టాండు, ఎందుకో తెలియని కేపో, డజను రంగుల పిక్కులు. చివర్లో దుకాణదారు ఒక చిన్న ట్యూనర్ చేతిలో పెట్టి, "రోజూ ముందు ఇది. తర్వాతే వాయించుడు" అని మరీ మరీ చెబుతాడు. మొత్తం పాఠం అదే. ఫీజు లేకుండా చెప్పాడు కనక గిటారు బాబు దాన్ని పాఠం కింద జమకట్టడు. ట్యూనర్‌ని గిటారు తలకు తగిలించి, వెలుగుతుంటే బాగుందని ఫోటో తీసి స్టేటస్‌లో పెడతాడు.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు మన పెద్దలు. ఆ లెక్కన గిటారు బాబు అనాథ.

తల్లి దొరకడం నిజానికి అంత కష్టం కాదు. గిటారుకున్న ఆరు తీగలు లావు వైపు నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. ట్యూనర్ లేకపోయినా సరిచూసుకోవచ్చు. లావు తీగను ఐదో మెట్టు దగ్గర నొక్కి మీటితే, పక్క తీగను ఊరికే మీటినప్పటి స్వరమే పలకాలి. వరసగా అన్ని తీగలకూ ఇదే పద్ధతి, జి నుంచి బి కి వెళ్లేటప్పుడు మాత్రం నాలుగో మెట్టు. మన స్వరాల్లో చెప్పుకుంటే తీగకీ తీగకీ మధ్య దూరం స నుంచి మ దాకా, ఆ ఒక్కచోట స నుంచి గ దాకా. రోజూ వాయించేముందు ఈ పని చేసేవాడికి వేళ్లకంటే ముందు చెవికి చదువొస్తుంది. కాని గిటారు బాబుకి పాట ఈ సాయంత్రానికే కావాలి. ఆబిడ్స్‌కి కూతవేటు దూరంలో, రామ్‌కోట్ త్యాగరాజ సంగీత కళాశాలలో పిల్లలు మాయామాళవగౌళ రాగంలో సరళి స్వరాలు మూడు కాలాల్లో పాడుతుంటారు. "అది పాత పద్ధతి" అంటాడు. "ఇళయరాజా కూడా గిటారే కదా!" అని సాక్ష్యం తెస్తాడు. నిజమే. ఇళయరాజా మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర శిష్యరికం చేసి, లండన్ ట్రినిటీ కాలేజీ వారి క్లాసికల్ గిటారు పరీక్ష గట్టెక్కారు. అంత పొడుగు కథలో గిటారు బాబు చెవికెక్కింది గిటారు అన్న మాట ఒక్కటే.

ఇంట్లో మొదటి శ్రోత నానమ్మ.

"ఏందిరా బిడ్డా, వాయిస్తున్నవా, బిగిస్తున్నవా?"

"వాయిస్తున్న నానమ్మా."

"గట్లనా? అయితే ముందు బిగియ్యి."

రెండో శ్రోత నాన్న. పేపర్లోంచి తల ఎత్తకుండానే అడుగుతాడు. "అరే, నీ కాలు తాళమేస్తున్నది, నీ చెయ్యి వాయిస్తున్నది. రెండిటికీ మాటల్లేవా?"

నాన్నకు సంగీతం రాదు గాని రోగం ఎక్కడుందో పట్టుకున్నాడు. మొదలుపెట్టేవాళ్లంతా ఎడమచేతిని చూసి భయపడతారు. పాటను నిలబెట్టేది కుడిచెయ్యి. ఇ మైనర్‌కి రెండు వేళ్లు చాలు, డి కి మూడు. ఈ రెండు కార్డులే పెట్టుకుని, మెట్రోనోమ్‌ని నిమిషానికి అరవై దెబ్బల మీద ఉంచి, కుడిచెయ్యి ఆగకుండా ఒకదాన్నుంచి ఒకదానికి మారడం వచ్చిందంటే సగం విద్య వచ్చినట్టే. మారేటప్పుడు ఒక తీగ తప్పు పలికినా వినేవాడు క్షమిస్తాడు, తాళం ఆగితే లేచిపోతాడు. గిటారు బాబు ముప్పై కార్డుల పేర్లు అప్పజెప్పగలడు. ఎడమచెయ్యి ఒక కార్డు నుంచి ఇంకోదానికి దారి వెతుక్కునేలోపు అతని పాట నాంపల్లి అవుటర్లో నిలిచిన రైల్లా ఆగిపోతుంది. లోపలున్నవాళ్లకి ఎప్పుడు కదులుతుందో తెలియదు, దిగడానికీ వీల్లేదు.

అయినా అతను కచేరీలు మానడు. జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది, అదే రోజున గిటారు బాబు దీక్ష కూడా. 1938లో పుట్టిన నుమాయిష్ ఏటా ఫిబ్రవరి దాకా నడుస్తుంది. దీక్ష సంక్రాంతి దాకా. ఆ రెండు వారాలూ పబ్లిక్ గార్డెన్స్ బెంచీ మీద దోస్తుల మధ్య కూర్చుని 1973 నాటి 'యాదోం కీ బారాత్' లోని చురాలియా అందుకుంటాడు. అసలు పాటలో ఆ గిటారు వాయించినవాడు భూపిందర్ సింగ్. ఇక్కడ మొదలు వినగానే దోస్తులు గుర్తుపడతారు, ఆ తర్వాత ఎవరి పాట వాళ్లు పాడుకుంటారు.

ఇలా నడుస్తుండగా గండం వస్తుంది. దాని పేరు ఎఫ్.

ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ బేరమాడి ఒక గిటారు పుస్తకం కొంటాడు గిటారు బాబు. ఎవరో పాత యజమాని పెన్సిల్‌తో శ్రద్ధగా టిక్కులు పెట్టుకుంటూ వెళ్లాడు. సి, డి, జి, ఇ మైనర్, ఎ మైనర్. ఎఫ్ వచ్చింది. టిక్కు లేదు. తర్వాతి పేజీలన్నీ ప్రెస్సు నుంచి ఇప్పుడే దిగినంత తెల్లగా ఉన్నాయి. గిటారు బాబుకి ఆ పేజీలో వంశవృక్షం కనిపించాలి గాని, కనిపించదు.

ఎఫ్‌కి చూపుడువేలు ఒక్కటే ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోవాలి. అదీ మొదటి మెట్టు దగ్గర, తీగలు అన్నిటికంటే మొండిగా ఉండే చోట. మిగతా మూడు వేళ్లూ తలో చోట నిలబడాలి. తెలిసినవాడు ముందు పైనాలుగు సన్నతీగలతో చిన్న ఎఫ్ పట్టుకుంటాడు, వేలు అడ్డం వేయడం ఐదో మెట్టు దగ్గర సాధన చేసి మెల్లగా కిందికి దిగుతాడు. గిటారు బాబు నేరుగా కొండ ఎక్కుతాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరింది. మూడు తీగలు మూగబోతాయి, ఒకటి బుస్సుమంటుంది. సంచి భుజాన వేసుకుని మళ్లీ దుకాణానికి వస్తాడు.

"అన్నా, దీంట్ల ఎఫ్ వస్తలేదు. పీస్ మార్చు."

దుకాణదారు మాట్లాడకుండా తీగలు శ్రుతి చేసి, ఎఫ్ పట్టి ఒక్కసారి మీటుతాడు. దుకాణమంతా నిండుగా పలుకుతుంది. "ఉంది గద తమ్మీ, లోపల్నే ఉండె" అని తిరిగి చేతికిస్తాడు.

ఆడలేనివాడు మద్దెల ఓడు అని ఇల్లు చేరతాడు. గిటారు బాబు అంతటితో ఆగే రకం కాదు. నెల తిరిగేసరికి ఇంటి గేటుకు ఒక బోర్డు వేలాడుతుంది: "ఇచట బిగినర్లకు గిటారు నేర్పబడును". బస్తీ పిల్లలు గిటార్లు మోసుకుని వస్తారు. ప్రతి గిటారూ ఒక్కో రకంగా అపశ్రుతి. వాళ్లకి బిగించడం రాదు కనక అన్నీ అతనే బిగించాలి. సాయంత్రం సాయంత్రం ఆ బిగింపుతోనే సగం క్లాసు గడిచిపోతుంది. మిగతా సగం పిల్లలంతా కలిసి వాయించేందుకు అతను బల్ల మీద దెబ్బలు లెక్కపెడుతూ ఉండాలి. అలా బిగించి బిగించి, లెక్కపెట్టి లెక్కపెట్టి, తనకు తెలియకుండానే తల్లినీ తండ్రినీ కలుసుకున్నాడు గిటారు బాబు. ఇప్పుడు పక్కింట్లో కుక్కర్ కూత విన్నా ఏ స్వరమో చెప్పగలడు.

"అన్నా, ఎఫ్ ఎప్పుడు చెప్తవు?" అని పిల్లలు అడుగుతారు.

"సెకండ్ మంత్ సిలబస్" అంటాడు గంభీరంగా. రెండో నెల ఫీజు కట్టినవాడు ఇప్పటిదాకా లేడు. అతని పరువుకి ఢోకా లేదు.