మిణుగురు సాక్ష్యం

పసుపు గోలీల డబ్బా మీద ఈమధ్య ఓ ముక్క తరచూ కనిపిస్తోంది: ‘ఎన్‌ఎఫ్‌-కప్పా-బిని అణిచేస్తుందని పరిశోధనల్లో నిరూపితం’. ఎవరిలో నిరూపితమయ్యా అని అడిగారో, సైన్సు మీద మీకు గౌరవం లేదన్నమాట. చాలాసార్లు అది నిరూపితమయ్యేది మనిషిలో కాదు, 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటులో.

1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ బయటపెట్టిన ఈ ప్రోటీను వాపు తెచ్చే జన్యువుల్ని నిద్రలేపుతుంది. అది పనిచేయడం కంటికి కనబడదు. కాబట్టి అది వచ్చి అతుక్కునే డీఎన్‌ఏ ముక్కను నాలుగైదుసార్లు వరసగా పేర్చి, వెనకాల మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే లూసిఫెరేజ్ అనే ఎంజైము జన్యువును తగిలించి, కణాల్లోకి ఎక్కిస్తారు. పరీక్షించాల్సిన మందు వేసి, వాపును రేపే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీను పోసి రెచ్చగొడతారు. చివర్లో కణాల్ని చిదిమి లూసిఫెరిన్ కలిపితే, ఆ ప్రోటీను ఎంత పనిచేస్తే అంత వెలుగొస్తుంది. ఉపాయం అమోఘం, దానికి వంక పెట్టను. నా గొడవంతా ఆ వెలుగు తగ్గగానే గ్రాఫు బొమ్మ మీద, తేడా గట్టిదేనని చెప్పే మూడు నక్షత్రాలు అంటించి చేసుకునే పండగతోనే.

ఎందుకు తగ్గింది? మందు ఆ ప్రోటీనును ఆపి ఉండొచ్చు. కణాలే చచ్చి ఉండొచ్చు. చచ్చిన కణానికి వాపు రాదు, ఆ మాటకొస్తే ఏ రోగమూ రాదు. లేదా మందు నేరుగా లూసిఫెరేజ్ పీకే నొక్కి ఉండొచ్చు. ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్ ఆ పని చేస్తుందని ఎప్పుడో తేలింది. ఇంకో విడ్డూరం: కొన్ని నిరోధకాలు లూసిఫెరేజ్‌ను పట్టుకుని, కణంలో అది అరిగిపోకుండా కాపాడతాయి. అప్పుడు వెలుగు తగ్గదు, పెరుగుతుంది! దానికీ పండగే.

ఇక కణాల సంగతి. ఎక్కువమంది వాడే హెక్-293 కణాలు 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మనిషి కణాల్లోకి అడెనోవైరస్ డీఎన్‌ఏ ఎక్కించగా పుట్టినవి. ఆ వైరస్ తాలూకు ఇ1ఏ ప్రోటీను జన్యువుల్ని నడిపే యంత్రాంగంలోనే వేలు పెడుతుంది. జన్యువుల లెక్క తేల్చమని ఆ కణాలకే అప్పగించడం దొంగచేతికి తాళాలివ్వడమే.

మోతాదు మాట అసలెత్తకూడదు. ప్లేటులో పసుపులోని కర్క్యుమిన్‌ను 20, 50 మైక్రోమోలార్ లెక్కన పోస్తారు. రోజుకు 8 గ్రాములు మింగిన మనుషుల రక్తంలో సగటున 2 మైక్రోమోలార్ కూడా తేలలేదు. పైగా సీరం లేని తటస్థ ద్రావణంలో, ఒంటి వేడి దగ్గర, అరగంటలో దాదాపు 90 శాతం కర్క్యుమిన్ విరిగిపోతుంది. మరి 24 గంటల తర్వాత కొలిచిన ఆ ‘ప్రభావం’ ఎవరి పుణ్యం? ఏ పరీక్ష పెట్టినా పాసైపోయే ఇలాంటి అణువుల్ని నమ్మొద్దని 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో రసాయన శాస్త్రవేత్తలు కర్క్యుమిన్ పేరు పెట్టి మరీ రాశారు. డబ్బాల మీద అచ్చు మాత్రం మారలేదు.

నిజాయితీగా అచ్చేయాలంటే ఇలా ఉండాలి: ‘ప్లాస్టిక్ ప్లేటులో కాపురముంటూ, వంట్లో వైరస్ డీఎన్‌ఏ, మిణుగురు జన్యువు రెండూ ఉన్నవారికి మాత్రమే. మోతాదు 50 మైక్రోమోలార్. పాలతో తీసుకోరాదు.’