గొంతులో అన్నం ముద్ద

కుక్కపిల్లల ప్రథమ చికిత్స వీడియోలు మీ ఫోనుకూ వచ్చే ఉంటాయి. గొంతుకేదో అడ్డుపడి గిలగిల్లాడుతున్న పిల్లకు ఒక మహావైద్యుడు నెయ్యి రాసిన అన్నం ముద్ద మింగిస్తాడు, ఇంకొకాయన అరటిపండు కుక్కుతాడు, మూడో ఆయన వెనక్కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పుతాడు. టాటానగర్ వాళ్లకైనా అనుమానం రావద్దా? హెల్మెట్, సేఫ్టీ బూట్లు లేనిదే కార్ఖానా గేటు దాటనివ్వని ఊరిది. మిషను ఆపకుండా అందులో చెయ్యి పెట్టకూడదని కొత్త అప్రెంటిసుకు ముందే నూరిపోస్తారు. ఆ బుద్ధి కూడా షిఫ్టు అయ్యాక గేటు దగ్గరే దిగిపోతుంది కాబోలు. అదే ఊళ్లో కద్మా పేటలోని క్వార్టరు చేరేసరికి, నోరు తెరిచి చూడకుండానే పిల్ల గొంతులోకి వేలు దూరిపోతుంది.

ముద్ద సంగతే చూద్దాం. చేపముల్లు గుచ్చుకుంటే ఉత్తన్నం ఉండ చేసి మింగమనడం మన ఇళ్లలో తరతరాల మాట. కాని ఆ మనిషి అప్పటికీ ఊపిరి పీలుస్తూ, ‘ఇదిగో ఇక్కడ’ అని వేలు పెట్టి చూపిస్తూనే ఉంటాడు. చాలా ముళ్లు వాటంతటవే జారిపోతాయి, పేరు మాత్రం ముద్దకొస్తుంది. ఊపిరాడని కుక్కపిల్లకు మూసుకున్నది అన్నం దారి కాదు, గాలి దారి. అక్కడ రబ్బరు బంతి ముక్క ఇరుక్కుంటే పైనుంచి ముద్ద కుక్కడం, పూడిన కాలవలో ఇంకో తట్ట మట్టి పొయ్యడమే. నెయ్యి రాస్తే జారుతుందట! జారి ఎక్కడికి పోతుంది? ఆ నెయ్యి ఊపిరితిత్తుల్లోకి దిగితే, అడ్డు తొలగినా న్యుమోనియా పట్టుకోవచ్చు. గాలి అందకపోతే మెదడు దెబ్బతినడానికి నాలుగైదు నిమిషాలు చాలు. కుండలో అన్నం లేకపోతే వండి వార్చి తెస్తారా? ఎముక అడ్డుపడుతుందంటే, ‘వీధికుక్కలు జీవితమంతా ఎముకలు నమలడం లేదా’ అంటారు. వీధిలో కనిపించేవి బతికినవే కదండీ.

వెటకారం చాలు. ఇది వైద్యం కాదు, హింస. ‘డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలా?’ అని ఎదురడుగుతారు. ఎవరు కూర్చోమన్నారు? గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, ఆ దగ్గే దాన్ని కాపాడుతోంది. ఊపిరి ఆడక చిగుళ్లు నీలమవుతుంటే నోరు తెరిచి, నాలుక ముందుకు లాగి, వెలుతురులో చూడండి. కనబడింది తీయండి, కనబడనిదాని కోసం కెలికితే ఇంకా లోపలికి పోతుంది. అందకపోతే చిన్న కుక్కపిల్లను తల కిందికి వాల్చి పట్టుకుని, భుజాల మధ్య అరచేత్తో నాలుగైదు దెబ్బలు వేసి, పక్కటెముకలను రెండు వైపుల నుంచి చప్పున నొక్కి, మళ్లీ నోట్లోకి చూడండి. 1974లో డాక్టర్ హెన్రీ హైమ్‌లిక్ మనుషులకు చెప్పిన కిటుకూ ఇదే: లోపల మిగిలిన గాలితోనే అడ్డును బయటికి తన్నించడం. ముద్ద తోసేది లోపలికి! కెన్నెల్ కాఫ్ అనే అంటు దగ్గు వచ్చిన పిల్ల కూడా ఏదో అడ్డుపడ్డట్టే దగ్గుతుంది, పాపం దానికీ ముద్దే. అడ్డు వచ్చేసినా డాక్టరుకు చూపించాల్సిందే, గొంతు లోపల చీరుకుపోయి ఉండొచ్చు. ఈసారి ఆ వీడియో వస్తే ఒకటి గమనించండి: పిల్ల నాలుక నీలం తిరుగుతున్నా, ఎవరో ఫోను కదలకుండా పట్టుకునే ఉంటారు. ఆ చేతులతో బండి తాళాలు వెతకొచ్చుగా.