ఖాళీ కుండలో కవ్వం

మా ఇంట్లోకి కొత్త నెట్టు ఆదివారం వచ్చింది. సోమవారం పొద్దున కంప్యూటర్ లేవలేదు. అంటే అసలే లేవలేదని కాదు, పెళ్లి మర్నాడు తోడుపెళ్లికొడుకు లేచినట్టు లేచింది. అంతకుముందు రెండు నిమిషాల్లో తెరమీద మా మనవరాలి ఫొటో వచ్చేది. ఇప్పుడు మూడు నిమిషాలు. చేతి గడియారం పెట్టుకుని మరీ చూశాను. తెలుగుగంగ కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, కొలవకుండా దేన్నీ నమ్మను.

ఈ కంప్యూటర్ కూడా నాలాగే రిటైరైందే. నంద్యాలలో ఏదో ఆఫీసువాళ్లు తీసేస్తే సెకండ్ హ్యాండులో కొన్నాను. దానికి ఒక చాదస్తం ఉంది. పొద్దున ఆన్ చేయగానే నల్లతెర మీద రెండు లైన్ల ఇంగ్లీషు వేసి, ఎఫ్ 1 నొక్కమంటుంది. ఆఫీసు మర్యాద కాబోలు, పలకరిస్తోందనుకుని నేనూ నొక్కేవాణ్ణి. ఆ తర్వాత చూస్తే తేదీ 2009 జనవరి 1 అని ఉంటుంది. దాన్ని దిద్దకపోతే ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు. మా నాయన రోజూ పొద్దున గోడమీది క్యాలెండర్ కాయితం చించేవాడు, నేను కంప్యూటర్ తేదీ దిద్దేవాణ్ణి. రెండేళ్లుగా ఇదే వరస. ఏ ఇంటి ఆచారం ఆ ఇంటిది.

ఇక నెట్టు సంగతి. ముందుగదిలో రౌటర్, వెనక గదిలో కంప్యూటర్, మధ్యన మా నాయన కట్టించిన రెండడుగుల రాతిగోడ. ఆ గోడ దాటి వచ్చిన వైఫైని కంప్యూటర్ వెనక గుచ్చిన పుల్లలాంటిదొకటి ఏరుకునేది. బెంగుళూరులో ఉన్న మావాడు ఒప్పుకోలేదు. "ఫైబర్ వేయించుకుని ఇంకా ఆ పుల్లేంది నాయనా, లాన్ కేబుల్ లాగించు" అన్నాడు. వచ్చిన పిల్లోడు గోడకు బొక్క వేయబోయి రెండు డ్రిల్ బిట్లు విరగ్గొట్టుకున్నాడు. చివరికి కిటికీ మూలనుంచి తీగ లాగి, మా నాయన ఫొటో వైపు ఒకసారి గుర్రుగా చూసి పోయాడు.

కేబుల్ తగిలించాక స్పీడు నిజంగానే పెరిగింది. ఆ స్పీడు అందుకోవడానికి మాత్రం మూడు నిమిషాలు కూర్చోవాలి.

మా వెలుగోడులో మోకాళ్ల నొప్పికి మందు అడిగితే నలుగురు చెప్తారు, కంప్యూటర్‌కు అడిగితే ఎనిమిది మంది చెప్తారు. మా బామ్మర్ది "వైరస్ బావా" అన్నాడు. నెట్టు స్పీడైతే వైరసూ స్పీడుగా వస్తుందట. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకు సందు దొరకలేదు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే పిల్లోడు కంప్యూటర్‌ను చూడకముందే "ఫార్మాట్ కొడదాం పెద్దాయనా" అన్నాడు. మా రోజుల్లో ఆర్‌ఎంపీ డాక్టర్లు ఏ రోగానికైనా గ్లూకోజ్ ఎక్కించేవాళ్లు, ఇప్పుడిది. మావాడు ఫోన్లో "రౌటర్ ఆపేసి మళ్లీ ఆన్ చెయ్ నాయనా" అన్నాడు. చేశాను. రౌటర్‌కు హాయిగా ఉన్నట్టుంది, కంప్యూటర్‌కు తేడా లేదు. మా ఆవిడ మాత్రం "మూడు నిమిషాలకే మీకేం కొంపలు మునుగుతున్నాయి?" అంది. అందరిలోకీ తెలివైన మాట అదే. అందుకే పట్టించుకోలేదు.

నీళ్లు ఎక్కడ పోతున్నాయో తెలియాలంటే ఒక్కొక్క తూమూ మూసి చూడాలి. నా సర్వీసంతా నేర్చుకున్న విద్య అదొక్కటే. కంప్యూటర్ వెనక నుంచి ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాను. ప్రింటర్ పీకితే మూడు నిమిషాలు. స్పీకర్లు పీకినా మూడే. లాన్ కేబుల్ పీకాను. రెండు నిమిషాలకల్లా మనవరాలు నవ్వింది!

అయితే కేబుల్లోనే లోపం అనుకుని ఆత్మకూరు పోయి కొత్త కేబుల్ తెచ్చాను. మళ్లీ మూడు నిమిషాలు. అంటే కేబుల్ చెడ్డది కాదు, కేబుల్ ఉండటమే చెడ్డది. ఈ ముక్క మా బామ్మర్దికి చెప్తే వేదాంతంలోకి దిగానేమోనని భయపడ్డాడు.

రాత్రి ఫోన్ పెట్టి నల్లతెరను వీడియో తీశాను. అక్షరాలు కంటికి అందకుండా పారిపోతున్నాయి మరి. నిదానంగా నడిపి చూస్తే దొంగ దొరికాడు. తెరమీద ఒకచోట డీహెచ్‌సీపీ అని రాసి, పక్కన నాలుగు చుక్కలు పెట్టి, వాటి చివర చిన్న గీత ఒకటి గిరగిరా తిరుగుతోంది. నిలువుగా, ఏటవాలుగా, అడ్డంగా, మళ్లీ నిలువుగా. అచ్చం మా అవ్వ మజ్జిగ చిలికే కవ్వమే. చిలుకుతోంది, చిలుకుతోంది, కుండలో పెరుగు మాత్రం లేదు.

వీడియో మావాడికి పంపితే వాడు ఫోన్లోనే పడీపడీ నవ్వాడు. దాన్ని పీఎక్స్ఈ అంటారట. ఆఫీసుల్లో, కాలేజీల్లో వందల కంప్యూటర్లు ఉంటే ఒక్కొక్కదానికీ విండోస్ ఎక్కించలేక, ఎక్కడో ఉన్న పెద్ద సర్వర్ నుంచి నెట్టు మీదనే తెప్పించుకునే పద్ధతి. 1999లో ఇంటెల్ కంపెనీ దీనికి రాసిన లెక్క ఉంది. కంప్యూటర్ లేవగానే "నాకు అడ్రసిచ్చి, విండోస్ పంపేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని నెట్టులోకి కేకేయాలి. నాలుగు సెకన్లు ఆగాలి. జవాబు రాకుంటే మళ్లీ కేకేసి ఎనిమిది సెకన్లు, ఆ తర్వాత పదహారు, ఆఖరుకు ముప్పైరెండు. కూడితే సరిగ్గా నిమిషం. పలికే కొద్దీ కాదు, పలకని కొద్దీ ఎక్కువసేపు ఆగడం! అప్పులవాళ్లు కూడా ఇంత మర్యాదగా తలుపు కొట్టరు.

వైఫై పుల్ల ఉన్నన్నాళ్లూ లాన్ రంధ్రం ఖాళీ కాబట్టి, తీగే లేదని చూసి వెంటనే హార్డ్ డిస్కు దారి పట్టేది. ఇప్పుడు తీగ ఉంది, అవతల రౌటర్ ఉంది. అడ్రసు ఇస్తుంది గానీ విండోస్ అడిగితే రౌటర్ ఎక్కడ తెచ్చిస్తుంది?

ఈ మాట నాకు అర్థమైనంత బాగా ఏ ఇంజనీరుకూ అర్థం కాదు. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే శ్రీశైలం నీళ్లు బనకచర్ల దగ్గర మూడు దారులు పడతాయి. ఎడమ గేటు ఎత్తితే మా వెలుగోడు రిజర్వాయర్‌కు, మధ్యది ఎత్తితే నిప్పులవాగు మీదుగా కేసీ కాలువకు, కుడిది ఎత్తితే శ్రీశైలం కుడిగట్టు కాలువకు. గేట్ల వరస తప్పితే 16.95 టీఎంసీల రిజర్వాయరైనా నిండదు. నా కంప్యూటర్ లోపల కూర్చున్న గేట్లెత్తే లస్కరు రోజూ పొద్దున నీళ్లు రాని గేటు దగ్గర నిమిషం నిలబడి, తర్వాత అసలు గేటుకు వస్తున్నాడు. వాడిది తప్పు కాదు, పైవాళ్లు రాసిచ్చిన వరస అది. అసలు ఓపిక గురించి మాట్లాడాల్సింది మద్రాసువాళ్లు. తెలుగుగంగకు 1983లో ఒప్పందం రాసుకుంటే వాళ్ల గడప దాకా కృష్ణ నీళ్లు పోయింది 1996లో. పదమూడేళ్లు చిలికారు పాపం.

మావాడు వీడియో కాల్లో చెప్తుంటే, లేచేటప్పుడు కంప్యూటర్ దేన్ని ముందు అడగాలో రాసి ఉండే బయోస్ లోపలికి పోయి, వరసలో నెట్టును కిందికి దించి, హార్డ్ డిస్కును పైకి ఎక్కించాను. ఎఫ్ 10 కొట్టి సేవ్ చేశాను. రెండు నిమిషాలు! బామ్మర్దికి ఫోన్ చేసి చెప్పాను. సెల్‌ఫోన్ల పిల్లోడికి బస్టాండు దాకా పోయి మరీ చెప్పాను.

మంగళవారం పొద్దున మళ్లీ మూడు నిమిషాలు.

మళ్లీ బయోస్, మళ్లీ వరస, మళ్లీ రెండు నిమిషాలు. బుధవారం మళ్లీ కవ్వం. వరస రాత్రికి రాత్రి తనంతట తనే ఎలా మారుతుంది? గురువారం ఎఫ్ 1 నొక్కబోతూ, పలకరింపు అనుకున్న ఆ రెండు లైన్లను మొదటిసారి కూడబలుక్కుని చదివాను. "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్. డిఫాల్ట్స్ లోడెడ్." నేను దిద్దిందంతా తుడిచేసి కంపెనీ పెట్టిచ్చిన పాత వరసే మళ్లీ పెట్టుకున్నానని, రెండేళ్లుగా రోజూ నా మొహం మీదే చెప్తోంది. నేను నమస్కారం పెడుతున్నాను.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీనీ, ఈ వరసలనూ గుర్తుపెట్టుకునేది అదే. నాది ఎప్పుడో చచ్చింది. పగలంతా గోడ కరెంటు మీద నెట్టుకొస్తోంది. రాత్రి పడుకునే ముందు పిడుగుల భయంతో మా ఆవిడ ప్లగ్గు పీకేస్తుంది. అంతే, పొద్దునకు పాపం 2009కి పోతుంది.

వాచీల కొట్లో సీఆర్ 2032 అడిగాను.

"కారు రిమోట్‌కా సార్?"

"కాదప్పా, కంప్యూటర్‌కు."

"కంప్యూటర్ ఈ బిళ్లతో నడుస్తాదా?" అని నన్ను పైనుంచి కిందికి చూసి, అయినా ఇచ్చాడు.

పాతది గోటితో ఎగదీసి కొత్తది నొక్కాను. బయోస్‌లో వరస ఆఖరిసారి సర్ది, తేదీ దిద్దాను. ఆ రాత్రి మా ఆవిడ ప్లగ్గు పీకింది. పొద్దున ఎఫ్ 1 అడగలేదు, కవ్వం తిరగలేదు, తేదీ చెక్కు చెదరలేదు. దిద్దే పని పోయి నెల దాటింది. మొన్న బ్యాంకులో ఫారం నింపుతూ తారీఖు దగ్గర పెన్ను ఆగిపోతే, పక్కాయన్ని అడిగి రాశాను.