నేను కారడానికి కారణం

నన్ను గోడ మీంచి దించి బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన పడేశారు. పాత సామాన్లవాడు వచ్చేదాకా నాకు వేరే పనేమీ లేదు కనక నా గోడు వెళ్లబోసుకుంటాను.

నేను 15 లీటర్ల గీజరుని. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటులో కాపురం. లోపల గాజుపూత పూసిన ఉక్కు ట్యాంకు, దాని చుట్టూ ఫోము, పైన తెల్లటి ప్లాస్టిక్ తొడుగు. 2000 వాట్ల కాయిలు. 25 డిగ్రీల నీళ్లను 60కి తేవడానికి నాకు ఇంచుమించు 18 నిమిషాలు పట్టేది, 0.6 యూనిట్ కరెంటు కాలేది. ఆ మాత్రానికే, బిల్లు రాగానే ఇంటాయన నా వంక గుర్రుగా చూసేవాడు. రాత్రంతా తిరిగే ఏసీ వంక మాత్రం చూసేవాడు కాదు.

ఇంటి పెద్దావిడకు నేనంటే మొదట్లో చిన్నచూపు. కట్టెలు పెట్టి కాగులో కాచినవే వేణ్ణీళ్లనేది. కార్తీకమాసమంతా చన్నీళ్ల స్నానమేనని మొదటి సోమవారం ప్రకటించి, రెండో సోమవారానికి తెల్లవారుజామున ఎవరూ లేవకముందే నా స్విచ్ నొక్కేది. నేనెవరికీ చెప్పలేదు.

మా అపార్ట్‌మెంటులో స్నానాలకు బోరు నీళ్లే. తాగేనీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చనీ భారతీయ ప్రమాణం. మా బోరు సంగతి ఎవరూ పరీక్ష చేయించలేదు. సబ్బు నురగ రాకపోవడమే పరీక్ష. చల్లటి నీళ్లలో కరిగి కనిపించని సున్నం, వేడి తగలగానే కాయిలు మీద పొలుసులా గట్టిపడుతుంది. ఇక కాయిలు వేడి నీళ్లకు సరిగా చేరదు. నేను గురగురలాడటం మొదలుపెట్టాను.

“ఏమండీ, గీజరు ఏదో సణుగుతోంది” అంది ఇల్లాలు.

“చలికాలం కదా” అన్నాడాయన. ఆ రెంటికీ సంబంధమేమిటో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

అయినా నా ప్రాణం తీసింది సున్నం ఒక్కటే కాదు. నా కడుపులో ఒక మెగ్నీషియం కడ్డీ ఉండేది. గాజుపూతలో ఎక్కడో సూదిమొనంత లోపం ఉంటుంది. అక్కడ ఉక్కు తుప్పు పట్టకుండా ఆ కడ్డీ తాను కరిగిపోతుంది. పెద్దకొడుకు అప్పులు తీర్చే తండ్రిలాంటిది. అది ఉన్నంతకాలం ట్యాంకు పదిలం. ఉప్పునీళ్లయితే ఏడాదికోసారి విప్పి చూసి, అరిగితే మార్చాలి. మాన్యువల్‌లో ఆ మాట ఉంది. మాన్యువల్ అటక మీద ఉంది.

చివరికి చుక్క పడింది. మొదట వచ్చిన ప్లంబరు టెఫ్లాన్ టేపు చుట్టి, కనెక్షన్ పైపు మార్చి డబ్బు తీసుకెళ్లాడు. చుక్క ఆగలేదు. ప్రతి చుక్కా జబ్బు కాదు లెండి. 15 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు ఉబ్బుతాయి. సేఫ్టీ వాల్వు కాస్త కారడం దాని ధర్మం. కాయిలు బిగించేచోట కారితే రబ్బరు వాషరు మారిస్తే సరి. నాకు కారింది ట్యాంకు అతుకు దగ్గర, ఎర్రటి తుప్పు నీళ్లతో. ఒకరోజు కుర్రాడు కుళాయి ముట్టుకుంటే షాక్ కొట్టింది. అప్పటికిగానీ ఎంసీబీ దించలేదు. నీళ్లు కారే గీజరుకు ఆ పని మొదటి చుక్కనాడే చేయాలి.

రెండో ప్లంబరు తొడుగు విప్పి చూశాడు.

“వెల్డింగు పెట్టిస్తే ఆగదా బాబూ?” అంది ఇల్లాలు.

“లాభం లేదు మేడం. ఆ వేడికి లోపలి పూత పోద్ది, మళ్లీ అక్కడే కారుద్ది. కొత్తది పెట్టించుకోండి.”

కింది వాల్వు కట్టి, నీళ్లు వంపి నన్ను దించారు. కడుపులోంచి తవ్వెడు సున్నపు పెచ్చులు రాలాయి. కడ్డీ ఉండాల్సిన చోట సన్నటి ఇనుప చువ్వ మిగిలింది. నా ఖరీదులో కొత్త కడ్డీ ఖరీదెంత!

నా స్థానంలో 25 లీటర్లవాడు వచ్చాడు. వాడి కడుపులోనూ అదే కడ్డీ, పైన అదే బోరు. వాడి మాన్యువల్ అప్పుడే అటకెక్కింది. చదువుతున్న మీరైనా, గీజరు కొని ఏడాది దాటితే చలికాలం రాకముందే ఒకసారి మెకానిక్‌ని పిలిచి ఆ కడ్డీ చూపించండి.