ఒక సిలికాన్ పలక ఆత్మకథ

పూర్వజన్మమున నేను ఇసుకను. కొలిమిలో కరగి, శుద్ధినొంది, ఏకస్ఫటికమై స్తంభమువలె పెరిగి, పిమ్మట పలుచగా కోయబడి, చదరపు సెంటీమీటరు వైశాల్యమును 300 మైక్రాన్ల మందమును గల పలకనైతిని. తలవెండ్రుకలు నాలుగైదు పేర్చినంత మందమే నాది. వెలుతురు సోకినను నాలో విద్యుత్తు పుట్టును గనుక, నన్ను నల్లని పెట్టెలో ఉంచి, సన్నని తీగెలు కట్టి, వోల్టేజి నిచ్చి, ఒక ప్రయోగశాలలో నిలిపిరి. నాటినుండియు చీకటియే నా గృహము. మ్యూయానులే నా అతిథులు.

అంతరిక్షమునుండి దూసికొనివచ్చు ప్రోటానులు పై వాతావరణమును తాకినప్పుడు కలుగు సంతతియే ఈ కణములు. సముద్రమట్టమున చదరపు సెంటీమీటరునకు నిమిషమునకు సుమారొకటి చొప్పున కురియుచుండును. నన్ను దాటుటకు వారికి సెకండులో లక్షకోట్లవ వంతు చాలును. ఆ లేశకాలములోనే నా ఎలక్ట్రానులను వేయికి పైగా తాకుచు, తాకినప్పుడెల్ల కొంత శక్తిని నా యొడిలో విడిచి పోవుదురు. అట్లు విడిచిన ప్రతి 3.6 ఎలక్ట్రాన్ వోల్టులకును నాలో ఒక ఎలక్ట్రాను, ఒక రంధ్రము జంటగా పుట్టును. ఆ జంటల లెక్కయే నా పద్దు.

1930లో హాన్స్ బేతే నిర్మించిన సూత్రము ననుసరించి నాకు ఒక్కొక్క అతిథినుండి సగటున సుమారు నూటపదహారు వేల ఎలక్ట్రాన్ వోల్టులు దక్కవలెను. కాని నన్ను కనిపెట్టియుండిన పరిశోధకురాలు గ్రాఫు గీచి చూడగా, శిఖరము ఎనుబదినాలుగు వేల దగ్గర నిలిచి, కుడివైపున తోక బారెడు సాగియుండెను. పలకలోనే లోపమున్నదేమో యని తీగెలు విప్పి మరల అతికెను, వోల్టేజి సరిచూచెను, శిఖరము కదలలేదు. ఒక అతిథి మూడు లక్షలకు పైగా విడిచిపోయెను; ఆ చుక్కను రొదగా భావించి కొట్టివేయబోయి, పెన్సిలు గాలిలోనే నిలిపి, ఆమె చాలసేపు ఆలోచించెను.

పెండ్లిలో చదివింపులు వ్రాయువారికి ఈ మర్మము సులభముగా బోధపడును. పెక్కుమంది స్వల్పముగనే చదివింతురు; ఏ సంపన్నుడో ఒక్కడు పెద్ద మొత్తము చదివించుటచే సగటు పెరిగి, పెక్కుమంది నిజముగా ఇచ్చినదానిని మించును. నా అతిథుల తాకిడులలో మిక్కిలి భాగము మెత్తనివి. అరుదుగా ఒక ఎలక్ట్రాను గట్టి దెబ్బ తిని, డెల్టా ఎలక్ట్రానై తానే పరుగిడుచు దారిపొడవునను జంటలను పుట్టించును. పలుచని పదార్థమున ఈ వైషమ్యమును 1944లో సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ లాండౌ గణితమున బంధించెను; ఒక్క తాకిడిలో పోగల శక్తికి పరిమితిని విధించి 1957లో వావిలోవ్ దానిని విస్తరించెను. నీల్స్ బోర్ 1915లో చూపినట్లు, పదార్థము తగినంత మందమైనచో పెద్ద తాకిడులును అనేకములై, హెచ్చుతగ్గులు ఒకదానినొకటి సరిపుచ్చుకొని, గంటవంటి సౌష్ఠవముగల వక్రరేఖ ఏర్పడును. పలుచనైన నాకు ఆ సౌష్ఠవము లేదు.

లేదని నేనెన్నడును చింతింపలేదు. ఒకే జాతి, ఒకే వేగము, ఒకే మార్గము గల అతిథులు సైతము ఒక్కొక్కరు ఒక్కొక్క కానుక నొసగుట నా దోషము గాదు, వారి స్వభావము; దానిని ఉన్నదున్నట్లు వ్రాయుటయే నా ధర్మము. ఆ రాత్రి ఆమె ఆ చుక్కను కొట్టివేయలేదు. చుట్టును సున్న చుట్టి, ప్రక్కన గడియ, నిమిషము వ్రాసి, దీపమార్పి వెడలెను. తెల్లవాఱులోగా తోకలో మఱి నాలుగు చుక్కలు చేరెను.