అర్బానా తపాలా ముద్రకు టీకా తాత్పర్యము

మూలము:
2¹¹²¹³ − 1 ఈజ్ ప్రైమ్.

అవతారిక: అమెరికాలో అర్బానా యందలి ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 1963లో డోనాల్డ్ గిలీస్ అను పండితుడు ఇల్లియాక్ 2 అను కంప్యూటరుచే ఈ సంఖ్యను సాధించెను. నాటికి లోకమున తెలిసిన ప్రధాన సంఖ్యలలో ఇదియే పెద్దది. గణితశాఖవారు ఉబ్బితబ్బిబ్బై కవర్లపై ఈ వాక్యమునే తపాలా ముద్రగా వేయసాగిరి. లోపలి ఉత్తరము దేనిని గూర్చియైనను పైముద్ర ఇదియే.

ప్రతిపదార్థము: 2¹¹²¹³ = పదునొకండువేల రెండువందల పదుమూడు రెండ్లను గుణింపగా వచ్చినదానినుండి; − 1 = ఒకటి తీసివేయగా మిగులునది; ప్రైమ్ = ఒకటిచేతను తనచేతను తప్ప వేరొకదానిచే నిశ్శేషముగా భాగింపబడనిది; ఈజ్ = అయి ఉన్నది.

తాత్పర్యము: సుగమము. సంఖ్యను విప్పి వ్రాసినచో 3376 అంకెలు, కవరు చాలదు.

ఛందస్సు: కంప్యూటరు చదువు ద్వ్యంకలిపిలో ఈ సంఖ్య 11213 ఒకట్ల వరుస. సున్న ఒక్కటియు లేదు. ఒకటిని లఘువుగా గ్రహించినచో ఇది సర్వలఘు రచన. కందమున రెండవ, నాలుగవ పాదాంత గురువులు తప్ప నాలుగు పాదములు ఇట్లు నడుపుటకే మన కవులకు చెమటలు పట్టును. ఇందొక రహస్యము కలదు. పదునైదు లఘువులను మూడేసిగా విరిచినచో సమాన గణములు ఏర్పడును, ఆ సంఖ్య 111 చేత, అనగా ఏడుచేత, భాగింపబడును. 11213 స్వయముగా ప్రధాన సంఖ్య కావున సమగణములుగా విరుగదు.

శంక: అట్లైన యంత్రమేల? సమాధానము: విరుగకుండుట చాలదు. పదునొకండు లఘువులు 2047; అది 23 × 89. 1644లో మెర్సెన్ అను ఫ్రెంచి సన్యాసి 67 లఘువులును ప్రధానమేయని నమ్మి వ్రాసెను. 1903లో న్యూయార్కు గణితసభయందు ఫ్రాంక్ కోల్ అను పండితుడు మాటాడక బోర్డుపై 193707721ని 761838257287తో గుణించి, ఆ సంఖ్యయే వచ్చుట చూపి కూర్చుండెనని ప్రతీతి. కావున పరీక్ష తప్పదు: నాలుగుతో మొదలిడి, వర్గముచేసి, రెండు తీసి, మన సంఖ్యచే భాగించి శేషము పట్టవలెను. ఇట్లు 11211 మారులు. కడపట సున్న మిగిలినచో ప్రధానము.

అలంకారము: స్వభావోక్తి. ముద్ర మనవారి చేతబడినచో "జగదేక" అని తప్పక తగిలించియుందురు. గిలీస్ పక్షమువారు "అతిపెద్ద" యనలేదు. కనుకనే 1971లో ఐబీఎం పండితుడు బ్రయంట్ టకర్‌మన్ 2¹⁹⁹³⁷ − 1 కనుగొని పట్టము లాగికొన్నను, ముద్రలో అక్షరము మార్చ పనిలేకపోయెను. 2024లో ల్యూక్ డ్యూరాంట్ 4,10,24,320 అంకెల సంఖ్యను తెచ్చినను ఆ వాక్యము సత్యమే.

పాఠాంతరము: 1976లో అచటి పండితులే అయిన అపెల్, హాకెన్, ఇరుగుపొరుగు దేశములకు ఒకే రంగు పడకుండ ఏ పటమునకైనను నాలుగు రంగులు చాలునను సిద్ధాంతమును నిరూపింపగా ముద్ర "నాలుగు రంగులు చాలును" అని మారినది. ఆ నిరూపణమునను కంప్యూటరే పాలుపంచుకొన్నది. దానిని చేతితో సరిచూడబూనిన పండితులకు మాత్రము ఓపిక చాలలేదు.